ఓరెగాన్ చావులకు మెత్తబడ్డ చట్టమే కారణమా?

పోర్ట్‌లాండ్_కుర్రోడు: నిన్న భోజనాల దగ్గర బావతో మొదలైన గొడవ ఇది. 2021 ఫిబ్రవరి నుంచి అమెరికాలోని మా ఓరెగాన్ రాష్ట్రంలో మెజర్ 110 అనే చట్టం వచ్చింది. కొద్దిపాటి డ్రగ్స్ దొరికితే జైలు లేదు, 100 డాలర్ల టికెట్టే. డ్రగ్స్ మోతాదు మించి చావులు పెరిగాయి. 2024 సెప్టెంబర్‌లో మళ్లీ నేరమన్నారు. ఇంకేం రుజువు కావాలి?

కొలంబస్_బాబాయ్: మరి వెస్ట్ వర్జీనియాలో ఏ చట్టం మెత్తబడిందబ్బాయ్? 2022లో అక్కడ లక్షకు 80 మంది ఓవర్‌డోస్‌తో పోయారు, దేశంలో అదే ఎక్కువ. మీ ఓరెగాన్ దేశ సగటు దగ్గరే ఉంది. వెస్ట్ వర్జీనియాలోనే కెర్మిట్ అని ఓ ఊరు. జనం 400. ఒక్క మందుల షాపుకి రెండేళ్లలో దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ మాత్రలు, అంటే అలవాటుపడే నొప్పి మాత్రలు, చేరాయి. దొంగసరుకు కాదు, లైసెన్సున్న డీలర్లు పంపినవే.

పోర్ట్‌లాండ్_కుర్రోడు: అది పాత కథ బాబాయ్. ఇప్పుడు చంపేది ఫెంటానిల్, హెరాయిన్ కన్నా చాలా ఘాటైన డ్రగ్.

కొలంబస్_బాబాయ్: అక్కడికే వస్తున్నా. తూర్పున దొరికే హెరాయిన్ తెల్లపొడి. ఫెంటానిల్ కలిపినా కంటికి తెలీదు. అందుకే 2013 తర్వాత మా ఓహాయో వైపు ముందు కూలింది. మీ పడమట దొరికేది తారులాంటి నల్లముద్ద, అందులో పొడి అంత తేలిగ్గా కలవదు. మీకు ఫెంటానిల్ ఆలస్యంగా, ఎమ్30 ముద్ర కొట్టిన నకిలీ నీలం మాత్రల్లో వచ్చింది. చట్టమూ అదీ ఒకేసారి గుమ్మం తొక్కాయి. నింద చట్టం మీద పడింది.

ఫార్మసీ_అక్క: చట్టానికి అసలు బలమే లేదన్నట్టు మాట్లాడకండి బాబాయ్. 1996లో ఆక్సీకాంటిన్ అనే ఘాటు నొప్పి మాత్ర వచ్చేనాటికి టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇలినాయ్, ఐడహోల్లో ఇలాంటి మందు రాయాలంటే మూడు కాపీల చీటీ ఉండేది. ఒక కాపీ ప్రభుత్వానికి పోవాలి. డాక్టర్లు జంకుతారని కంపెనీ అక్కడ ప్రచారమే తగ్గించుకుంది. ఆ ఐదు రాష్ట్రాల్లో చావులు చాలా ఏళ్లు నెమ్మదిగానే పెరిగాయి. వాడేవాణ్ని కాదు, రాసేవాణ్ని పట్టుకున్న చట్టం అది.

పోర్ట్‌లాండ్_కుర్రోడు: సరే అక్కా. మరి దేశం మొత్తంలో 2023లో లక్షా 5 వేలున్న చావులు, మేం మళ్లీ నేరమన్న 2024లో 80 వేలకు దిగాయి కదా?

కొలంబస్_బాబాయ్: మా ఓహాయోలో 35 శాతానికి పైనే తగ్గాయి. ఇక్కడ మెజర్ 110 ఎప్పుడుంది, తీసెయ్యడానికి? 2023 నుంచి ఓవర్‌డోస్‌కి విరుగుడు మందు నార్కాన్‌ని చీటీ లేకుండా అమ్ముతున్నారు, అది కొంత. నా లెక్కలో సరుకులో ఫెంటానిల్ పలచబడటమే పెద్దది. డ్రగ్స్‌ని అరికట్టే కేంద్ర సంస్థ డీఈఏ పరీక్షించిన నకిలీ మాత్రల్లో ప్రాణం తీసే మోతాదున్నవి 2023లో పదికి ఏడు, 2024లో ఐదు. నెవాడా, సౌత్ డకోటాల్లో మాత్రం చావులు కాస్త పెరిగాయి.

పోర్ట్‌లాండ్_కుర్రోడు: నీలం మాత్రల సంగతి బావకి చెప్తా. కానీ మా వీధి చూసినవాణ్ని, ఆ మూడేళ్లలో చట్టం ఏమీ చెయ్యలేదంటే మాత్రం ఒప్పుకోను.