పాస్‌వర్డ్ కరెక్టే, అయినా లాగిన్ స్క్రీన్ దగ్గరికే తిరిగొస్తోంది

రాత్రిబండి: నా లినక్స్ సిస్టమ్ రాత్రంతా ఆన్‌లోనే ఉంది, పొద్దున రీస్టార్ట్ చేశాక ఈ తిప్పలు. పాస్‌వర్డ్ కొట్టగానే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతోంది. తప్పు కొడితే తప్పని చెబుతోంది, సరిగ్గా కొడితే మాత్రం ఏమీ చెప్పకుండా వెనక్కి పంపేస్తోంది! అప్‌డేట్ కూడా ఏదీ చేయలేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసేయమని ఫ్రెండ్ అంటున్నాడు కానీ లోపల ఫొటోలున్నాయి, టెన్షన్‌గా ఉంది.

గడ్డంతాత: ఇన్‌స్టాల్ జోలికి పోకు బాబూ. పాస్‌వర్డ్ ఒప్పుకుంది, డెస్క్‌టాప్ మొదలవబోయి పడిపోయింది, అంతే. నీ హోమ్ ఫోల్డర్‌లో అది రాసుకునే చిన్న చిన్న ఫైళ్లు రాసుకోలేకపోతే ఇలాగే చేస్తుంది. డిస్క్ నిండిపోయి ఉండాలి, లేదంటే ఎప్పుడో సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, ఏదైనా ప్రోగ్రామ్ తెరిస్తే, డెస్క్‌టాప్ తెరవడానికి కావాల్సిన ఎక్స్‌అథారిటీ ఫైలు రూట్, అంటే సిస్టమ్ అడ్మిన్, పేరు మీదికి పోయి ఉండాలి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కు, నల్లటి స్క్రీన్‌లో లాగిన్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనపడవు, కంగారు పడకు, కొట్టి ఎంటర్ నొక్కు. తర్వాత డిస్క్ ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్ ఇచ్చి, చివర ఒక్క స్లాష్ మాత్రమే ఉన్న లైన్‌లో ఎంత శాతం చూపిస్తోందో చెప్పు.

రాత్రిబండి: 100 శాతం! ఆప్ట్ క్లీన్ కొట్టి దాచుకున్న ఇన్‌స్టాల్ ఫైళ్లు చెరిపి, సిస్టమ్ రాసుకునే జర్నల్ లాగ్‌లు 200 ఎంబీకి కుదించా, 2 జీబీ ఖాళీ అయింది, డెస్క్‌టాప్ వచ్చేసింది. థాంక్స్ తాతా. కానీ లెక్క కుదరట్లేదు. డిస్క్ 60 జీబీ, డీఎఫ్ ఇప్పటికీ 55 వాడేశావంటోంది, ఫోల్డర్ల సైజు లెక్కేసే డీయూ సుడోతో కొట్టి ఆ డిస్క్ వరకే ఫోల్డర్లన్నీ కూడిస్తే 29 జీబీ. మిగతా 26 ఎక్కడికి పోయినట్టు?

మూడోకన్ను: డిలీట్ చేసిన ఫైలు ఏదైనా ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకుని ఉన్నా ఇలాంటి తేడా వస్తుంది, కానీ మీరు రీస్టార్ట్ చేశారు కాబట్టి అది కాదు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసే స్క్రిప్ట్ ఏమైనా నడుస్తోందా? ఆ డ్రైవ్ ఇప్పుడు పెట్టి ఉందా?

రాత్రిబండి: అవునండీ, రోజూ రాత్రి 2 గంటలకి ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ నడుస్తుంది, రోజుకో ఫోల్డర్. మధ్యలో రెండు రోజులు వేరే పనికి డ్రైవ్ తీశా, ఇవాళ పొద్దున్నే పెట్టా.

మూడోకన్ను: దొరికింది. డ్రైవ్ లేనప్పుడు, అది తెరుచుకునే ఆ మౌంట్ ఫోల్డర్ మీ లోపలి డిస్క్ మీది మామూలు ఫోల్డరే. ఆర్‌సింక్‌కి ఆ తేడా తెలీదు, అక్కడే పోసేసింది. మళ్లీ డ్రైవ్ పెట్టగానే, చాప కింద కాగితాల్లాగా, ఆ కాపీలన్నీ కిందికి పోయాయి. డీయూకి చాప మీదున్నవే కనపడతాయి. డీఎఫ్ ఫైళ్లు వెతకదు, డిస్క్ చెప్పే లెక్క అప్పజెబుతుంది. డ్రైవ్ అన్‌మౌంట్ చేసి, అంటే ఆ ఫోల్డర్ నుంచి విడదీసి, అదే ఫోల్డర్ తెరవండి. ఒక్కటి మాత్రం జాగ్రత్త, ఏదైనా చెరిపే ముందు డ్రైవ్ నిజంగా ఊడిందో లేదో డీఎఫ్‌లో మళ్లీ చూసుకోండి, లేకపోతే అసలు బ్యాకప్‌నే ఊడ్చేస్తారు.

రాత్రిబండి: బాబోయ్, ఉన్నాయి! రెండు రాత్రుల కాపీలు, ఒక్కోటి 13 జీబీ. డీఎఫ్‌ రెండుసార్లు చూసుకుని మరీ తీసేశా. మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి?

గడ్డంతాత: స్క్రిప్ట్ మొదట్లో మౌంట్‌పాయింట్ కమాండ్‌తో డ్రైవ్ ఉందా అని అడిగించు, లేకపోతే అక్కడే ఆగిపోవాలి. నేనైతే ఇంకోటి కూడా చేస్తా, డ్రైవ్ తీసి ఉన్నప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్‌కి ఛాటర్ కమాండ్‌తో ప్లస్ ఐ, అంటే ఎవరూ మార్చకూడదనే గుర్తు, పెడతా. అప్పుడు రూట్ అయినా సరే దాన్లో ఏమీ పెట్టలేడు, డ్రైవ్ మాత్రం దాని మీద మామూలుగానే మౌంట్ అవుతుంది. ఒకసారి నేనూ ఇలాగే 40 జీబీ కోసం సగం రోజు వెతికినవాణ్నే.

రాత్రిబండి: రెండూ పెట్టేశా. డ్రైవ్ తీసి స్క్రిప్ట్ నడిపి చూశా, మొదటి లైన్‌లోనే ఆగిపోయింది.