మళ్లీ కరోనా లాంటి మహమ్మారి వస్తే జీనోమ్ సీక్వెన్సింగ్‌కి డబ్బు పెట్టాలా, ఆక్సిజన్ పడకలకా?

కావలి కుర్రోడు:
నేరుగా అడుగుతున్నా. వైరస్ జన్యువంతా చదివి, అదే ఈ సీక్వెన్సింగ్, అది ఏ రకమో తేల్చడానికి కోట్లు పోసేకంటే ఆ డబ్బుతో ఉదయగిరి, కనిగిరి లాంటి చోట్ల ఆక్సిజన్ పడకలు పెంచొచ్చు కదా? డెల్టా, ఒమిక్రాన్ అని పేరు తెలిస్తే పేషెంట్‌కి ఒరిగేదేంది? ఇచ్చే స్టెరాయిడూ ఆక్సిజనూ అవే. పాజిటివా కాదా చెప్పడానికి ఆర్‌టీపీసీఆర్ చాలు.

పెన్నా గట్టు:
బ్రదర్, ఆక్సిజన్ విషయంలో నీతో వాదన లేదు, 2021 మే నెల చూసినవాళ్లెవరూ వాదించరు. కానీ మందు మారదన్నది మాత్రం నిజం కాదు. డెల్టా టైంలో ఇచ్చిన యాంటీబాడీ కాక్‌టెయిల్ గుర్తుందా, డోసు దాదాపు 60 వేల రూపాయలు, అది ఒమిక్రాన్ మీద దాదాపు పని చేయలేదు, 2022 జనవరిలో అమెరికా కూడా దాని వాడకాన్ని బాగా కట్టడి చేసింది. ఊళ్లో ఏ రకం తిరుగుతోందో తెలియకపోతే జనం అప్పు చేసి మరీ పనికిరాని ఇంజెక్షన్ వేయించుకుంటారు.

ఇంకోటి మనందరికీ తగిలిందే. అదే మే నెలలో "ఏపీ స్ట్రెయిన్" అని ఒకటే మోత, ఎన్440కే అనే మార్పున్న వైరస్ 15 రెట్లు ప్రమాదమని ప్రచారం, ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్ర, తెలంగాణ నుంచి వచ్చేవాళ్లకి 14 రోజుల క్వారంటైన్ పెట్టింది. హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు సీక్వెన్సులు చూపించి, ఎన్440కే తగ్గిపోతోంది, దాని చోటులోకి బీ.1.617, అంటే డెల్టా పుట్టిన వంశం, వస్తోంది అని చెప్పబట్టి ఆ నింద నిలబడలేదు. ఆర్‌టీపీసీఆర్‌తో ఈ సంగతి ఎప్పటికీ తేలేది కాదు.

కోట, విడవలూరు వైపు రొయ్యల రైతుల్ని చూడు. తెల్లమచ్చ వైరస్‌కి మందే లేదు, అయినా సీడ్‌కి, అంటే రొయ్య పిల్లలకి, పీసీఆర్ చేయించే చెరువులో వదులుతారు. మందు లేకపోయినా ముందే తెలుసుకోవడం పనికొస్తుందనేగా.

ఒంగోలు ల్యాబ్ టెక్నీషియన్:
చిన్న వివరం. కొన్ని ఆర్‌టీపీసీఆర్ కిట్లలో ఒమిక్రాన్ మొదటి రకం బీఏ.1కి ఎస్ జీన్ అనే భాగం పలకదు, మిగతావి పలుకుతాయి, కాబట్టి కొంత ఊహించొచ్చు. బీఏ.2కి ఆ గుర్తు లేదు, మన దేశంలో ఎక్కువగా పాకింది అదే. సీక్వెన్సింగ్ చేస్తేనే తెలుస్తుంది. ఈ వైరస్ జన్యువు సుమారు 30 వేల అక్షరాలు, కాపీ అయ్యేటప్పుడు పడే తప్పుల్లో నెలకి రెండు దాకా నిలబడతాయి, ఒకే తప్పులున్న వైరస్‌లన్నీ ఒకే కొమ్మ, అంటే దగ్గరి చుట్టాలు. కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక్కసారిగా కేసులు పెరిగితే ఒకరి నుంచే పాకిందా, నాలుగు చోట్ల నుంచి విడివిడిగా వచ్చిందా అన్నది దీంతో చెప్పొచ్చు.

కానీ మా బాధ వేరు. శాంపిల్‌లో వైరస్ తక్కువుంటే, అంటే ఆర్‌టీపీసీఆర్‌లో వచ్చే సీటీ విలువ (వైరస్ ఎంత తక్కువుంటే ఇది అంత ఎక్కువ) 30 దాటితే, సీక్వెన్స్ సరిగ్గా రాదు. ఐసు పెట్టి జాగ్రత్తగా పంపాలి. అంత చేసి పంపితే రిపోర్టు తిరిగి మా దాకా వచ్చేది కాదు, అడిగినా జవాబుండదు.

కావలి కుర్రోడు:
నేననేదీ అదేనన్నా! 2021 మార్చి 24నే కేంద్రం "డబుల్ మ్యూటెంట్", అంటే ఆ బీ.1.617 రకమే, దొరికిందని ప్రకటించింది. మే మొదట్లో రోజుకి 4 లక్షల కేసులు. ముందే తెలిసి ఏం ఆపగలిగారు? తెలుసుకోవడానికి పెట్టే డబ్బు మీద నాకు నమ్మకం కుదరనిది ఇందుకే.

పెన్నా గట్టు:
ఆ కోపం న్యాయమైనదే, కానీ అది కదలనివాళ్ల మీద చూపించాలి. వైరస్ జన్యువుల్ని చదివే కేంద్రం ల్యాబుల కూటమి ఇన్సాకాగ్ 2020 డిసెంబర్‌లో 10 ల్యాబులతో మొదలైంది, పాజిటివ్ శాంపిళ్లలో 5 శాతం సీక్వెన్స్ చేస్తామన్నారు, సెకండ్ వేవ్ మొదలయ్యేదాకా దాని దరిదాపుల్లోకి కూడా పోలేదు. రాష్ట్రంలో మొదటి కేసు 2020 మార్చిలో మన నెల్లూరులోనే తేలింది, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి. అలాంటి జిల్లా నుంచి వారం వారం శాంపిళ్లు పోవాలి, పంపిన ల్యాబుకీ కలెక్టర్‌కీ పది రోజుల్లో రిపోర్టు రావాలి. పడకలు ఎక్కడ, ఎప్పుడు పెంచాలో కూడా ఆ రిపోర్టే చెప్తుంది. నువ్వు పడకలు అడుగు, నేనూ నీతో కలిసి అడుగుతా, ప్రభుత్వానికి పెట్టే అర్జీలో ఈ శాంపిళ్లు, రిపోర్టుల మాట కూడా రాద్దాం.