జనం వద్దన్నా అనుమతి ఇవ్వొచ్చంటే, ఇక సభ ఎందుకు?

మూసీ ఒడ్డు:
2024 అక్టోబర్ 23న రామన్నపేటలో అంబుజా సిమెంట్ గ్రైండింగ్ యూనిట్ మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. జనం గట్టిగానే వద్దన్నారు. నాకొకటే డౌటు. అంతమంది వద్దన్నాక కూడా అనుమతి ఇచ్చే వీలుంటే, పిలిచి కూర్చోబెట్టడం ఎందుకు? నిర్ణయం ఊరిదా, కంపెనీదా?

నకిరేకల్ టీ కొట్టు:
మా గల్లీలో డిగ్రీ చదివిన ముగ్గురు హైదరాబాద్‌లో డెలివరీ బండ్లు నడుపుతున్నారు. వచ్చిన ప్రతి ఫ్యాక్టరీకీ అడ్డం పడితే వాళ్లు ఇంటికెప్పుడొస్తారు? సభకు వచ్చినోళ్లే ఊరు కాదన్నా.

పాత పట్వారీ:
తమ్ముడూ, అసలు అక్కడ ఓటింగే ఉండదు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కోరం కూడా అక్కర్లేదు, పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. కానీ జనం చెప్పిన అభ్యంతరాలకు కంపెనీ తుది రిపోర్టులో జవాబు రాయాలి. మా మండలంలో ఒక సభకు నేనూ పోయాను. రెండు గంటలు నినాదాలు. మినిట్స్‌లో (సభ రికార్డులో) అదంతా "వ్యతిరేకించారు" అని ఒక్క లైన్ అయింది. ఒక రైతు మాత్రం తన సర్వే నంబరు, బోరు లోతు, రిపోర్టు మ్యాపులో కనిపించని కుంట పేరు రాసిచ్చాడు. కంపెనీ వివరంగా జవాబిచ్చింది ఆ కాగితానికే. (ఫ్యాక్టరీ ఆగలేదు. కుంట వైపు గోడ వెనక్కి జరిగింది, అంతే.)

మూసీ ఒడ్డు:
గోడ జరిగింది, సంతోషం సార్. మన మాట కాగితం మీద ఉండాలి, కంపెనీలు పార్టీలకిచ్చే చందా మాత్రం కనిపించకూడదు, అదీ తేడా. 2017లో చట్టం మార్చి, కంపెనీలు సగటు లాభంలో 7.5 శాతం దాటి పార్టీలకు ఇవ్వకూడదన్న హద్దు తీసేశారు. ఎన్నికల బాండ్లతో చందా ఇచ్చినోళ్ల పేర్లూ దాచారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. మార్చి 14న లిస్టు బయటికొస్తే, మన పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పనులు చేసిన మేఘా ఇంజనీరింగ్ పేరున 966 కోట్లు. 2018లో, 2023లో అసెంబ్లీకి ఓటేసినప్పుడు ఈ లిస్టు మన చేతిలో లేదు.

నకిరేకల్ టీ కొట్టు:
చందా ఇచ్చినంత మాత్రాన పనులు దానికోసమే వచ్చినట్టా?

మూసీ ఒడ్డు:
నేనట్లా అనలేదు. అడిగే వీలే లేకుండా చేశారంటున్నా.

నకిరేకల్ టీ కొట్టు:
ఇది మాత్రం ఒప్పుకుంటా. పట్వారీ సార్, పక్క మండలంలో ఇంకో సభ ఉందంటున్నారు. ఆ రిపోర్టు ఎక్కడ దొరుకుతుంది?

పాత పట్వారీ:
పంచాయతీలో, కలెక్టరేట్‌లో కాపీ ఉండాలి. నోటీసు తర్వాత కనీసం 30 రోజుల టైం ఇవ్వాలి. తెలుగు సారాంశం చేతిలో పెడతారు, దాంతో సరిపెట్టుకోకు.