ఫొటోలో నమోదయ్యే అక్షాంశ రేఖాంశాలను ఎంతవరకు నమ్మవచ్చు?

అలుగువాగు:
అందరికీ నమస్కారం. నల్లగొండ జిల్లాలో మా ఊరి చుట్టుపక్కల ఉన్న వీరగల్లులు (పోరులో మరణించిన వీరుల స్మారక శిలలు), శాసన స్తంభాలు, రాకాసి గుళ్లు (పెద్ద బండలతో కట్టిన ప్రాచీన సమాధులు) రోడ్ల వెడల్పులోనో క్వారీల్లోనో కనుమరుగయ్యేలోగా, అవి ఉన్న చోట్లను ఫొటోలతో సహా నమోదు చేసి పెట్టాలని ఆరు నెలలుగా ప్రతి ఆదివారం తిరుగుతున్నాను. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేసే ఉంచాను. అయినా బండి దిగగానే తీసిన మొదటి రెండు ఫొటోలు మ్యాపులో రెండు కిలోమీటర్ల వెనుక, మేము టీ తాగిన హోటల్ దగ్గర కనిపిస్తున్నాయి. చెరువు అలుగుకు అవతల ఉన్న వీరగల్లును జూమ్ చేసి తీస్తే, ఆ రాయి ఇవతలి కట్ట మీద ఉన్నట్టు చూపిస్తోంది. ఇక వాట్సాప్‌లో మిత్రుడికి పంపిన ఫొటోల్లో అసలు లొకేషనే లేదట. లోపం నా ఫోన్‌లో ఉందా, నేను తీసే పద్ధతిలో ఉందా, దయచేసి తెలియజేయగలరు.

పాత ఫీల్డు మనిషి:
మీ ఫోన్‌లో లోపమేమీ లేదండీ. నేను కొన్నేళ్లు ఉపాధి హామీ పనులకు జియోట్యాగింగ్, అంటే ఫొటోకు చోటును జతచేసే పని, చేశాను. పనికి ముందు ఒకటి, పని జరుగుతుండగా ఒకటి, పూర్తయ్యాక ఒకటి చొప్పున ఒకే చోట నిలబడి ఫొటోలు తీసి, హైదరాబాదులోని ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వారి భువన్ అనే మ్యాపుల పోర్టల్‌కు ఎక్కించేవాళ్లం. అప్పట్లో మాకూ ఇదే అనుభవం. జేబులోంచి తీసిన ఫోన్‌కు ఉపగ్రహాల సంకేతం అందడానికి కొంత సమయం పడుతుంది, ఈలోగా మీరు బటన్ నొక్కితే చాలా ఫోన్లు చివరిసారి తమకు తెలిసిన చోటునే ఫొటోకు తగిలిస్తాయి. సిగ్నల్ లేని గుట్టల మధ్య ఈ ఆలస్యం ఇంకా ఎక్కువ. కాబట్టి ముందు మ్యాపు తెరిచి, నీలి చుక్క చుట్టూ ఉన్న లేత వలయం చిన్నదై నిలకడగా నిలిచేవరకు ఆగి, ఆ తరువాత కెమెరా తెరవండి. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చెప్పగలదు. చింతచెట్టు కిందనో బండల సందులోనో ఆ మాట మీద ఆశ పెట్టుకోవద్దు.

వాట్సాప్ మామూలుగా పంపిన ఫొటోలోంచి ఈ లొకేషన్ వివరాలను తీసేస్తుంది. అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపితే అవి ఉంటాయి.

రాతిపలక:
అలుగువాగు గారూ, వీరగల్లు విషయంలో అసలు సంగతి ఒకటుంది. ఫొటోలో నమోదయ్యేది మీరు నిలబడిన చోటే తప్ప రాయి ఉన్న చోటు కాదు. కొన్ని ఫోన్లు కెమెరా ఏ దిక్కుకు తిరిగి ఉందో కూడా రాసిపెడతాయి గానీ దూరం మాత్రం చెప్పవు. అందుకే రాయిని ఆనుకుని నిలబడి ఒక ఫొటో, వెనక్కి నడిచి గుడి గోపురమో కరెంటు స్తంభమో కలిసివచ్చేలా మరొకటి తీసి, నోటు పుస్తకంలో "అలుగుకు తూర్పున నలభై అడుగులు, కానుగ చెట్టు మొదట్లో, పసుపు పూసి ఉంది" అన్నంత వివరంగా రాసుకోండి. పదేళ్ల తరువాత వెతుక్కుంటూ వెళ్లినవాడికి అంకెల కన్నా ఈ వాక్యమే దారి చూపుతుంది.

పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. 17 డిగ్రీల 3 నిమిషాలను 17.03 అని రాశాను. నిమిషాలను అరవైతో భాగించాలి గనుక అది 17.05 కావాలి. ఆ పొరపాటుకు నా శాసనం రెండు కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరిగి, ఒక పత్తి చేలో పడింది. దశాంశ బిందువు తరువాత ఐదు అంకెలుంటే ఇంచుమించు మీటరు వరకు వస్తుంది, అంతకు మించిన అంకెలు మన ఫోన్లకు ఉత్త ఆడంబరం. జీపీఎస్ లేని పెద్ద కెమెరా వాడేటట్లయితే ఫోన్‌లో నడక దారిని జీపీఎక్స్ ఫైలుగా (ఏ సమయానికి ఎక్కడున్నామో వరుసగా రాసే ఫైలు) నమోదు చేసి, తరువాత సమయాన్ని బట్టి ఫొటోలకు జతచేయవచ్చు. ఆ ఫైలులో సమయం అంతర్జాతీయ ప్రామాణిక సమయం (యూటీసీ) గనుక మనకంటే అయిదున్నర గంటలు వెనుక ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. బయలుదేరే ముందు ఫోన్ గడియారాన్ని ఆ కెమెరాతో ఒక ఫొటో తీసి ఉంచుకుంటే రెండు గడియారాల తేడా తేలికగా తేలుతుంది.

గుట్టబాట:
పై ఇద్దరూ చెప్పినవి సరైనవే. నా భయం వేరు. రాకాసి గుళ్ల కింద నిధులున్నాయని తవ్వేవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన ముడుమాల్ నిలువురాళ్ల చోటు అందరికీ తెలిసినదే, దాచవలసినది ఏమీ లేదు. కాపలా లేని ఒంటరి సమాధికి మాత్రం మీ ఫొటోయే దొంగకు దారి అవుతుంది. అరుదైన జీవుల విషయంలో ఐనాచురలిస్ట్ (మొక్కలు, జంతువులు కనిపించిన చోట్లను జనం నమోదు చేసే వెబ్‌సైటు) వంటి వేదికలు అసలు చోటును బయటపెట్టక, 0.2 డిగ్రీల వెడల్పున్న గడిలో ఎక్కడో ఒక చుక్క పెడతాయి. మీరూ ఊరి పేరుతో ఆగండి. కచ్చితమైన అంకెలున్న అసలు ఫైళ్లను మీ దగ్గర రెండు చోట్ల భద్రపరచి, ఒక ప్రతిని పురావస్తు శాఖకు ఇవ్వండి.

అలుగువాగు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం అలుగు దాటి వెళ్లి వీరగల్లు పక్కనే నిలబడి మళ్లీ తీశాను. పాత చుక్కకూ కొత్త చుక్కకూ మధ్య 140 మీటర్లు తేడా వచ్చింది. దగ్గరికి వెళ్లాకే తెలిసింది, రాయి వెనుకవైపు నాలుగు పంక్తుల శాసనం కూడా ఉంది. ఇన్నాళ్లూ కట్ట మీది నుంచి జూమ్ చేస్తూ ముందువైపే చూస్తున్నాను.