బోడీ ఊరికి మోటర్‌హోమ్ వెళ్తుందా? ఆ చివరి మూడు మైళ్ళ సంగతి చెప్పండి

ఫ్రీమాంట్ కోడలు:
అందరికీ నమస్కారం. సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సెలవుకి ఇంకో రోజు కలుపుకుని నాలుగు రోజులకు 28 అడుగుల మోటర్‌హోమ్ (మంచాలు, వంటిల్లు ఉండే బండి) అద్దెకు మాట్లాడాం. మేమిద్దరం, పిల్లలిద్దరు (తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు), నంద్యాల నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య. బంగారం కోసం జనం ఎగబడ్డ రోజుల్లో కాలిఫోర్నియాలో వెలిసి, తర్వాత ఖాళీ అయిపోయిన బోడీ చూడాలని నా కోరిక. పేరు వినగానే మామయ్య "ఆ బోడి ఊరి కోసం ఇంత దూరమా" అని నవ్వారు గానీ, ఫోటోలు చూశాక ఆయనే ముందు తయారయ్యారు. చివర్లో మట్టిరోడ్డు ఉందట, ఈ బండి వెళ్తుందా? రాత్రి ఎక్కడ ఆగాలి? మామయ్యకు బీపీ ఉంది, ఇబ్బంది అవుతుందా?

ఆవకాయ బాధితుడు:
వెళ్తుంది. కానీ వెళ్ళకండి.

395 హైవే మీద బ్రిడ్జ్‌పోర్ట్ దాటి దక్షిణంగా ఏడు మైళ్ళు వచ్చాక ఎడమకి 270 రోడ్డు తగులుతుంది. అక్కడి నుంచి ఊరికి 13 మైళ్ళు. మొదటి పది మైళ్ళు తారురోడ్డే, హాయిగా పోవచ్చు. మిగిలిన మూడూ రేకుల షెడ్డు కప్పులా అలలు అలలుగా ఉంటాయి. మేం మూడేళ్ళ కింద 25 అడుగుల బండితో వెళ్ళాం. నడిచే మనిషి కంటే కాస్త ముందు పోయామంతే. అయినా పై అరల తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. మా అమ్మ గుంటూరు నుంచి మోసుకొచ్చిన ఆవకాయ సీసా స్టవ్ మీద పడి బద్దలైంది. ఆ నూనె సోఫా కిందికి పాకి, తిరిగి ఇచ్చేనాటికి కూడా వాసన పోలేదు. సోఫా గుడ్డకీ, ఊడిన తలుపుకీ అద్దెవాళ్ళు డిపాజిట్‌లో కోసుకున్నారు. పైగా ఒప్పందంలో మట్టిరోడ్డు మీద నడపకూడదని ఒక లైను ఉందని అప్పుడు చూపించారు. ముందు మీ కాగితాలు చదవండి. ఆ లైను ఉంటే, అక్కడ టైరు పేలినా ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు.

టాహో తమ్ముడు:
అన్నా, మరీ భయపెడుతున్నారు. మేం సొంత బండిలో మెల్లగా వెళ్ళొచ్చాం, ఏమీ కాలేదు. అక్కడి పార్కింగ్‌లో పెద్ద బండ్లు కూడా కనిపించాయి.

ఆవకాయ బాధితుడు:
సొంత బండి అన్నావుగా తమ్ముడూ. అదే తేడా.

రెనో మాస్టారు:
నేను ఈ దారిలో ఏడాదికి రెండుసార్లు తిరుగుతాను. అమ్మా, దారి సంగతి ముందు చెప్తాను, రోడ్డు కంటే అదే ముఖ్యం. జీపీఎస్ దగ్గరిదారి అని 108 మీదుగా సొనోరా పాస్ చూపించవచ్చు. కొన్నిచోట్ల 26 శాతం వాలు. మోటర్‌హోమ్‌తో అటు తొంగి కూడా చూడొద్దు. 50 మీదుగా టాహో దాటి 395 పట్టుకోండి. వచ్చేటప్పుడు యోసెమిటీలోంచి టియోగా రోడ్డు మీద రావచ్చు, సెప్టెంబర్‌లో తెరిచే ఉంటుంది. లీ వైనింగ్ నుంచి ఎక్కుడు గట్టిగా ఉంటుంది, చిన్న గేరులో నింపాదిగా ఎక్కండి.

బండిని బ్రిడ్జ్‌పోర్ట్‌లోనో లీ వైనింగ్‌లోనో ఆర్‌వీ పార్కులో, అంటే మోటర్‌హోమ్‌లు రాత్రి ఆగే చోట పెట్టండి. బోడీలో రాత్రి బస లేదు, పెట్రోలు లేదు, తిండి లేదు. పార్కింగ్ దగ్గర బాత్రూములు ఉన్నాయి, పిల్లల్ని అక్కడే వెళ్ళనిచ్చి ఊళ్ళోకి నడవండి. దారిలో కార్సన్ సిటీలో రెండు రోజులకి ఒక ఎస్‌యూవీ అద్దెకు తీసుకుంటే మీ ఆరుగురూ ఒకే విడతలో వెళ్ళిరావచ్చు. మీ ఆయన మోటర్‌హోమ్, మీరు వెనకాల కారు. కారు కాగితాల్లోనూ ఆ మట్టిరోడ్డు లైను ఉందేమో అడగండి, అదీ ఉంటుంది.

లేబర్ డే అంటున్నారు కాబట్టి ఆర్‌వీ పార్కు ఇవాళే ఫోన్ చేసి పట్టుకోండి. అక్కడ సెప్టెంబర్ మొదట్లో కూడా రాత్రిళ్ళు నీళ్ళు గడ్డకట్టవచ్చు. పడుకునే ముందు ట్యాంకు నింపుకుని బయటి నీళ్ళ గొట్టం ఊడదీసెయ్యండి. లేకపోతే పొద్దున కాఫీకి చుక్క రాదు.

మామయ్యగారి విషయం. బోడీ 8,375 అడుగుల ఎత్తున ఉంది. తిరుమల కొండకు దాదాపు మూడింతలు. ముందురోజు రాత్రి బ్రిడ్జ్‌పోర్ట్‌లో పడుకుంటే శరీరం కొంత అలవాటు పడుతుంది. బయల్దేరేముందు డాక్టర్ని ఒక మాట అడగండి. నీళ్ళు బాగా తాగించండి, టోపీ పెట్టించండి. ఊళ్ళో నీడ లేదు. చుట్టూ సేజ్ పొదల గుట్టలే, చెట్టన్నది కనిపించదు. మామయ్యగారన్నట్టు నిజంగా బోడి కొండలే. ఆ రోజుల్లో వంటచెరకుకీ, గనుల దుంగలకీ 1881లో మోనో మిల్స్ అడవి దాకా 32 మైళ్ళ రైలుమార్గం వేసుకున్నారంటే చూడండి.

ఫ్రీమాంట్ కోడలు:
మాస్టారూ, చాలా థ్యాంక్స్. కారు ఆలోచన మాకు తట్టనే లేదు. అక్కడ ఎంతసేపు పడుతుంది? పిల్లలకి విసుగు రాదు కదా?

కోలార్ మనవరాలు:
మూడు గంటలు పెట్టుకోండి. పొద్దున తొమ్మిదికి గేటు తెరిచేసరికి ఉంటే గాలి, జనం రెండూ తక్కువ.

పిల్లలకి ముందే కథ చెప్పి తీసుకెళ్ళండి. 1859లో బోడీ అనే ఆయన అక్కడ బంగారం కనిపెట్టి, అదే శీతాకాలం సరుకులు తెస్తూ మంచు తుఫానులో చనిపోయాడు. ఊరికి ఆయన పేరు పెట్టారు, స్పెల్లింగ్ మాత్రం మారిపోయింది. 1876లో పెద్ద బంగారు ఖనిజం తగిలాక జనం ఎగబడ్డారు. 1880 నాటికి ఏడెనిమిది వేలమంది ఉండేవారంటారు. 1892లో ఒకసారి, 1932లో ఒకసారి తగలబడింది. 1962లో స్టేట్ పార్కు అయింది. బాగుచేసి రంగులు వెయ్యరు. పడిపోకుండా మాత్రం కాస్తారు. ఒరిగిపోయిన ఒక హోటల్‌కి దుంగలు ఊతం పెట్టి ఉంటాయి, చూడండి.

ఇళ్ళలోకి చాలావరకు వెళ్ళనివ్వరు, కిటికీలోంచి చూడాలి. అద్దానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని చూస్తే కానీ కనిపించదు. బడి కిటికీ మాత్రం వదలొద్దు. బల్లలు, నల్లబల్ల, వెలిసిపోయిన గ్లోబు. మా అబ్బాయి ఆ గ్లోబులో ఇండియా వెతుకుతూ ఇరవై నిమిషాలు కదల్లేదు.

నా మటుకు అసలు చూడాల్సింది బంగారు రాయిని దంచిన స్టాండర్డ్ మిల్లు. లోపలికి గైడుతోనే పంపిస్తారు, చేరగానే టూర్ వేళ కనుక్కోండి. రాయిని పొడిచేసే పెద్ద పెద్ద ఇనుప రోకళ్ళు వరసగా నిలబడి ఉంటాయి. మా తాతయ్య కోలార్‌లో ఛాంపియన్ రీఫ్ బంగారు గనిలో చేశారు, ఇంట్లో ఎప్పుడూ 'మిల్లు' అనే మాట వింటూ పెరిగాను. రోకళ్ళు ఆగిన రాత్రి ఊరికి నిద్ర పట్టేది కాదని ఆయన అనేవారు. బోడీ మిల్లుకి 1890లలోనే 13 మైళ్ళ అవతలి నీటి విద్యుత్తు తీగల మీద తెచ్చారు. కరెంటు మలుపు తిరగలేదేమో అని తీగ తిన్నగా లాగారని అక్కడ చెప్తారు. కోలార్‌కి 1902లో శివనసముద్రం నుంచి వచ్చింది. నంద్యాల మామయ్యగారికి ఇది చెప్పండి, ఆయనకు నచ్చుతుంది.

ఒక్క జాగ్రత్త. తుప్పు మేకులు, గాజు పెంకులు నేలంతా ఉంటాయి, చెప్పులతో కాదు, బూట్లతో నడిపించండి. ఏదీ ఏరుకోనివ్వకండి, చట్టం ఒప్పుకోదు. తీసుకెళ్ళినవాళ్ళకి శాపం తగులుతుందని కూడా ఒక కథ. భయపడి వస్తువులు తిరిగి పంపినవాళ్ళ ఉత్తరాలు మ్యూజియంలో పెట్టారు.

ఫ్రీమాంట్ కోడలు:
వెళ్ళొచ్చాం. కార్సన్ సిటీలో కారు దొరికింది, మట్టిరోడ్డుకి ఒప్పుకున్నారు. మామయ్యకి కాస్త ఆయాసం వచ్చింది, బడి ఎదుట మెట్ల మీద పావుగంట కూర్చున్నారు, సర్దుకుంది. అత్తయ్య మాత్రం ఒక వంటింటి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. బల్ల మీద దుమ్ము పట్టిన గిన్నెలు అలాగే ఉన్నాయి. "పాపం, కడుక్కోకుండానే వెళ్ళిపోయింది" అన్నారు.

నీళ్ళ గొట్టం రెండో రాత్రి మర్చిపోయాం. మాస్టారు చెప్పినట్టే అయింది, పొద్దున కాఫీ లేదు.