దేవరకొండలో యద్దనపూడి సులోచనారాణి గారిపై ప్రసంగం: దేని గురించి మాట్లాడితే బాగుంటుంది?

దేవరకొండ పాఠకురాలు:

అందరికీ నమస్కారం. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో, మా శాఖా గ్రంథాలయంలో యద్దనపూడి సులోచనారాణి గారి జీవితం, రచనల మీద అరగంట మాట్లాడమని నన్ను అడిగారు. ఆమె కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టారనీ, పెళ్లయ్యాక హైదరాబాదులో స్థిరపడ్డారనీ, 2018 మే నెలలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కన్నుమూశారనీ తెలుసు. నవలల పేర్లు కూడా చాలావరకు తెలుసు. కానీ పుట్టిన ఊరు, పుస్తకాల పట్టిక, సినిమాల పట్టిక చదివి దిగిపోతే అది ప్రసంగం అనిపించుకోదు. పైగా నిర్వాహకులలో ఒక పెద్దాయన, "వట్టికోట ఆళ్వారుస్వామి పుట్టిన జిల్లాలో మేడల కథలు, కార్ల కథలు రాసినామె గురించి ఎందుకమ్మా?" అన్నారు. ఆళ్వారుస్వామి గారు తెలంగాణ పల్లె ప్రజల గురించి రాసిన రచయిత కాబట్టి, ఆ పెద్దాయన మాటను తేలిగ్గా తీసుకోలేను. మా అమ్మ తరం ఆడవాళ్లు ఆ నవలల కోసం ఎదురుచూసిన తీరునూ కాదనలేను. ఇద్దరికీ న్యాయం జరిగేలా ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.

మిర్యాలగూడ పుస్తకప్రియుడు:

సీరియల్ దగ్గర మొదలుపెట్టండమ్మా. ఆమెను నవలారాణిని చేసింది పుస్తకాల దుకాణం కాదు, పత్రిక. 'సెక్రటరీ' నవల 1960 దశకం నడుమ 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా వచ్చినప్పుడు ఆమెకు పాతికేళ్ల వయసు. మాసపత్రికలో సీరియల్ అంటే పాఠకురాలు నెల రోజులు ఆగాలి, ఆగిన తరువాత కూడా కథ మరిచిపోకుండా ఉండాలి. అపార్థం వీడబోతున్నదనిపించే చోట అధ్యాయాన్ని ఆపడం, మరుసటి సంచికలో ఆ ముడిని పూర్తిగా విప్పకుండా ఇంకో ముడి వేయడం ఆమెకు బాగా పట్టుబడిన పని. దాన్ని చవకబారు ఎత్తుగడగా చూసేవారున్నారు గాని, నేనైతే పనితనమే అంటాను.

మా ఇంట్లో ఆ సీరియల్ కాగితాలను పత్రికలోంచి జాగ్రత్తగా విడదీసి, గోనె సూదితో, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి ఉంచేవారు. ప్రతి పేజీ అంచున సబ్బుల ప్రకటనో, టానిక్కుల ప్రకటనో సగం తెగి కనిపించేది. ఆ కుట్టు పుస్తకం వాడలో నాలుగిళ్లు తిరిగి, చివరి కాగితాలు ఊడిపోయి తిరిగి వచ్చేది. ఎమెస్కో వంటి సంస్థలు పాకెట్ పుస్తకాలు వేయడం, అద్దె పుస్తకాల దుకాణాలు పెరగడం ఈ చదువరులను ఇంకా పెంచాయి. ఈ సంగతులు చెబితే సభలో పెద్దవాళ్లందరూ తమ తమ ఇళ్లను గుర్తు చేసుకుంటారు.

పాలమూరు ఉపాధ్యాయిని:

ఆ పెద్దాయన అడిగింది సరైన ప్రశ్నే, అందుకే దానికి సూటిగా జవాబు ఇవ్వాలి. సులోచనారాణి గారి నవలల్లో మన పల్లె లేదు, మన మాట లేదు. చాలా నవలలు హైదరాబాదులో నడిచినా, ఆ నగరం చుట్టూ ఉన్న తెలంగాణ మాత్రం కనిపించదు. ఈ లోటును దాచవద్దు. అయితే నకిరేకల్ ప్రాంతంలో పుట్టిన ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు స్వయంగా మోసుకుని ఊరూరా తిరిగి అమ్మింది దేనికోసం? ఇంటింటా చదువరులు తయారుకావాలనే కదా. బడి మధ్యలోనే మానిన మన ఆడవాళ్లలో ఎందరికో ఒక పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే అలవాటు నేర్పింది ఈ నవలలే. ఆయన కోరిన పని ఆయన ఊహించని దారిలో జరిగిందని నేను నమ్ముతున్నాను. అయినా ఆయన నవల 'ప్రజల మనిషి' చేసే పనిని ఇవి చేయలేవు, ఆ రెండింటినీ ఒకే కొలతతో చూడనవసరం లేదు.

ఇంకొక మాట. ఆ రోజుల్లో నవలా రంగాన్ని ఏలినవారిలో ముప్పాళ్ల రంగనాయకమ్మ, కోడూరి కౌసల్యాదేవి, ద్వివేదుల విశాలాక్షి గార్లతో పాటు మాదిరెడ్డి సులోచన గారు కూడా ఉన్నారు. ఆమెది శంషాబాద్, అంటే మన పాలమూరు నుంచి హైదరాబాదుకు వెళ్లే దారిలోని ఊరే. రచయిత్రుల పేర్లకు ఎంత గిరాకీ ఉండేదంటే, కొందరు మగవారు ఆడపేర్లతో రాశారు. ఇద్దరు సులోచనలనూ పక్కపక్కన పెట్టి ఐదు నిమిషాలు మాట్లాడండి.

నల్లగొండ సాహిత్య విద్యార్థి:

సినిమాల మీద ఎక్కువ సమయం పెట్టవద్దు. 'విజేత' నవల 1972లో 'విచిత్రబంధం'గా వచ్చిందనీ, 1973లో 'జీవన తరంగాలు', విజయనిర్మల దర్శకత్వంలో 'మీనా', 1976లో 'సెక్రటరీ' వచ్చాయనీ చెబితే చాలు. 2016లో 'అ ఆ' సినిమా విడుదలైనప్పుడు 'మీనా'తో ఉన్న పోలికల గురించి జరిగిన చర్చను ప్రస్తావిస్తే యువతకు దారి దొరుకుతుంది.

అసలు సమయం 'సెక్రటరీ' నవలలోని కథానాయిక జయంతికి ఇవ్వండి. సులోచనారాణి గారిని కలలు అమ్మే రచయిత్రి అనేవారు కథానాయకుడు రాజశేఖరాన్నే చూస్తారు: అందం, ఆస్తి, హుందాతనం. నా దృష్టిలో ఆ నవలకు ప్రాణం జయంతి. ముసలి బామ్మ తప్ప అండలేని అమ్మాయి, ఇల్లు గడవడానికి వనితా విహార్ అనే మహిళా సంస్థలో ఉద్యోగానికి చేరి, డబ్బున్న ఆడవాళ్ల మధ్య తల వంచకుండా నిలబడాలనుకుంటుంది. ఆడపిల్ల బయటికి వెళ్లి జీతం తేవడం మన చిన్న ఊళ్లలో ఇంకా అరుదుగా ఉన్న రోజుల్లో, ఆమె ఆత్మాభిమానమే పాఠకులను పట్టి నిలిపింది. కథ చివరికి పెళ్లి దగ్గరే ఆగడం నాకు ఇప్పటికీ అసంతృప్తిగానే ఉంటుంది. ఆ అసంతృప్తినీ చెప్పండి, సభలో ఎవరైనా మీతో వాదిస్తే ఇంకా మంచిది.

దేవరకొండ పాఠకురాలు:

అందరికీ కృతజ్ఞతలు. సీరియల్ కాగితాలతో మొదలుపెట్టి, జయంతి మీద ఎక్కువసేపు నిలిచి, ఆళ్వారుస్వామి గారి ప్రస్తావనను ఆ పెద్దాయన ఎదుటే చేస్తాను. జయంతి వనితా విహార్‌లో అడుగుపెట్టే ఘట్టాన్ని మా ఇంటర్ అమ్మాయిలలో ఒకరితో చదివిస్తాను. మాదిరెడ్డి సులోచన గారి నవలలు మా గ్రంథాలయంలో కనబడలేదు. నల్లగొండ జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉన్నాయేమో ఎవరైనా చూసి చెప్పగలరా?