భాగవతం వీడియో 11 ముక్కలైంది, మద్దెల దెబ్బ పోకుండా అతికేదెలా?

పర్లాకిమిడి_మద్దెల:
అందరికీ నమస్కారం. మా ఊళ్లో తూర్పు భాగవతం ఆడితే హ్యాండీక్యామ్‌తో తీశాను. బటన్ నొక్కింది ఒక్కసారే, మధ్యలో ఆపలేదు. కార్డులో చూస్తే 11 ఎంటీఎస్ వీడియో ఫైళ్లు! ఎడిటర్‌లో వరసగా పెట్టి కలిపితే రాత్రంతా పట్టింది, బొమ్మ మసకబారింది, పైగా ప్రతి అతుకు దగ్గరా శబ్దం అర సెకను పోతోంది. మామూలు మాటలైతే సర్దుకుందును. సత్యభామ దరువు మధ్యలో దెబ్బ ఎగిరిపోతే ఎలా? మద్దెల వాయించింది మా చినతాత. ఆయనకి చూపించడానికి మొహం చెల్లడం లేదు.

రాయగడ_స్టూడియో:
తమ్ముడూ, కెమెరా చెడిపోలేదు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డులో ఏ ఫైలూ 4 జీబీకి చేరడానికి లేదు. 24 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి 24 మెగాబిట్ల చొప్పున తీస్తే ఇంచుమించు 24 నిమిషాలకి ఒకటి నిండుతుంది, వెంటనే ఇంకోటి మొదలవుతుంది. ఏటంటే, ఆ కోత ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. ఒక శబ్దం ముక్క సగం ముందు ఫైలు చివర, సగం తర్వాతి ఫైలు మొదట ఉండిపోవచ్చు. ఎడిటర్ ఒక్కో ఫైలునీ విడిగా విప్పి ఆ సగాల్ని పారేస్తుంది. నీ దెబ్బ పోయేది అక్కడే.

మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యకు, అంటే బొమ్మనీ శబ్దాన్నీ విప్పి కొత్తగా కుదించకు. ముందు కార్డు మొత్తం హార్డ్ డిస్క్‌లోకి తీసుకో. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'కాపీ స్లాష్ బి' అని కొట్టి, ఫైళ్ల పేర్లు వరసగా ప్లస్ గుర్తుతో ఇచ్చి, చివర కొత్త పేరు పెట్టు. ఎంటీఎస్ అంటే చిన్నచిన్న పొట్లాల వరస. అందుకే ఒకదాని తోకకి ఇంకోదాని తల అతుక్కుంటుంది.

బరంపురం_పాతబజారు:
ఇది ఎంపీ4కి పనిచెయ్యదు, జాగ్రత్త. ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక ఉంటుంది. రెండింటినీ అలా అతికితే ప్లేయరు మొదటి సూచిక చదివి అక్కడే ఆగిపోతుంది. ఠాకురాణి యాత్రలో ఫోన్‌తో తీసినవి నేను అలాగే కలిపాను. సైజు పెరిగింది కదా అని అసలువి చెరిపెయ్యబోయి, ఎందుకో చివరిదాకా నడిపి చూశాను. బతికిపోయాను. ఎంపీ4కి లాస్‌లెస్‌కట్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యకుండా కలుపుతుంది, ఉచితమే.

సిరొంచ_గట్టు:
2022 ఏప్రిల్‌ల ప్రాణహిత పుష్కరాలకు మేం ముగ్గురం మూడు ఫోన్లతోని తీసినం. ఒకటి 30 ఫ్రేములు, ఒకటి 60, ఇంకొకటి నిలువు. లాస్‌లెస్‌కట్‌ల కలిపితే రెండో ఫోన్ కాడికెళ్లి మాట ముందు, బొమ్మ ఎనక. కొలతలు, కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి), ఫ్రేము రేటు, ఆడియో 44,100నా 48,000నా, అన్నీ ఒక్కతీరు ఉంటేనే ఎన్‌కోడ్ లేకుంట మంచిగ కలుస్తయి. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌ల ముందే చూసుకోండ్రి. మాకు ఎన్‌కోడ్ తప్పలే. వాట్సాప్‌ల మామూలు వీడియోగ పంపిన ముక్కను మాత్రం తీసుకోకుండ్రి, అది నలిగిపోయి వస్తది. తీసినోళ్ల ఇంటికి పోయి కేబుల్ పెట్టి తెచ్చుకోవాలె.

గుణుపురం_వంశధార:
పేర్ల వరస కూడా చూసుకోండి. 1, 2 అని పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు 1 తర్వాత 10, 11 తీసుకుని అప్పుడు 2కి వస్తాయి. 01, 02 అని పెట్టండి.

పర్లాకిమిడి_మద్దెల:
రాయగడ అన్నా, అయింది! అరగంట కూడా పట్టలేదు, ఒకే ఫైలు, 40 జీబీ పైన. పది అతుకులూ హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను, ఒక్క దెబ్బా పోలేదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32ది కాబట్టి ఎక్కలేదు. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే మా టీవీ చదవలేదు. చివరికి ల్యాప్‌టాప్‌కే హెచ్‌డీఎంఐ తీగ పెట్టాను. అతుకులెక్కడో చినతాతకి చెప్పలేదు. కళ్లు మూసుకుని మోకాలి మీద తాళం వేస్తూ విన్నారు. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

ఇప్పుడు ఆయన దగ్గరున్న పాత ఆట డీవీడీ కూడా ఇచ్చారు. అందులో వీఓబీ అనే వీడియో ఫైళ్ల ముక్కలున్నాయి.

రాయగడ_స్టూడియో:
అవీ 1 జీబీ దగ్గర కోసినవే, అదే పద్ధతి. సున్నా నంబరుది మెనూ, దాన్ని వదిలేసి ఒకటి నుంచి కలుపు. డీవీడీ మీద గీతలుంటే ముందు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడువు, గుండ్రంగా తిప్పకు.